ముందు అనకూడని మాట

వదినా, ఆ మిరపకాయల చాప ఎండలోకి లాగేసి ఒక్కసారి గోడ దగ్గరికి రా. పొయ్యి మీద ఏమీ లేదుగా? అయితే ఆ పీట కూడా తెచ్చుకో, నిలబడి వినే కబురు కాదిది. పిన్నిగారింటి సంగతి.

వాళ్ళ కోడలికి తొమ్మిదో నెల వచ్చింది కదా. మొన్న సాయంత్రం పిన్నిగారు గోడకి చెయ్యి ఆనించి, కొంగు ముడి విప్పి, ఓ కాగితం నా చేతిలో పెట్టారు. పాత పంచాంగంలోంచి చింపిన కాగితం. నాలుగు మూలలా పసుపు. ఒకవైపు అచ్చులో కందాయ ఫలాల పట్టిక, రెండోవైపు ఖాళీలో బాల్‌పెన్నుతో తిథి, వారం, నక్షత్రం, లగ్నం. అన్నిటికంటే కింద, రెండేసి గీతలు కొట్టి, "ఉ. 9-48 నుంచి 10-12 లోపు" అని. ఆ 24 నిమిషాల్లో బిడ్డ భూమ్మీద పడితే తిరుగులేని జాతకమట. "ఆ వేళకి ఆపరేషన్ చెయ్యమని డాక్టరమ్మతో నువ్వో మాట చెప్పమ్మా. చదువుకున్నదానివి, నీ మాటయితే వింటుంది" అన్నారు.

"డాక్టరమ్మ ఏమంటోంది పిన్నిగారూ?" అని అడిగాను. ఆ తేదీకి 37 వారాలే నిండుతాయట. బిడ్డ తల కిందికే ఉంది, తల్లికి బీపీ లేదు, షుగర్ లేదు, నొప్పులు వాటంతటవే వచ్చేదాకా ఆగుదాం అందట. ఆగితే ఆ లగ్నం పోతుందని పిన్నిగారి దిగులు.

ఆపరేషన్ తప్పని నేననను వదినా. బిడ్డ అడ్డం తిరిగినా, ఉమ్మనీరు తగ్గిపోయినా, తల్లికి ఫిట్స్ వచ్చినా ఒకప్పుడు ఇంట్లోనే దీపాలు ఆరిపోయేవి. కావలసిన చోట ఆ కత్తి ప్రాణం పోస్తుంది. కానీ మన దగ్గర కావలసిన చోటుతో ఆగడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడు: దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్లయితే, మన ఆంధ్రాలో 42.4, తెలంగాణలో 60.7. అన్నీ ముహూర్తాల పుణ్యమే అని కాదు. నొప్పులంటే భయం ఉంది, మొదటిది ఆపరేషనయితే రెండోదీ అదే కావడం ఉంది, ఆస్పత్రుల వ్యాపారం ఉంది. ముహూర్తం కూడా ఉంది, అది మనకందరికీ తెలిసిన సంగతే. కారణం లేకుండా 39 వారాల లోపు కోసి తీస్తే కొందరు పిల్లలకి ఊపిరి సరిగ్గా అందదు. తల్లి పక్కన పడుకోవలసిన బిడ్డ గాజుపెట్టెలో పడుకుంటుంది. రాజయోగం సంగతి తర్వాత, ముందు ఊపిరి యోగం ఉండాలి కదా.

ఇదంతా పిన్నిగారికి చెప్పాను. చెప్పి, నా మనసులో ఉన్న అసలు సందేహం కూడా అడిగాను. పుట్టిన ఘడియని బట్టే తలరాత ఉంటుందంటారు, ఆ ఘడియ మాత్రం మనమే ఎంచుకుంటాం. అప్పుడిక ఆ రాత రాసింది బ్రహ్మా, మనమా?

ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఈ కాగితం నా చేతికి రావాలని కూడా రాసిపెట్టే ఉంటుంది" అన్నారు.

ఆ మాటకి తిరుగు లేదు వదినా. రాత్రంతా దాని గురించే ఆలోచించాను. కాగితం రావడం రాతయితే, డాక్టరమ్మ వద్దనడం కూడా రాతే. నేను చెప్పడం రాతే, ఆవిడ వినకపోవడం రాతే, వింటే అదీ రాతే. వెళ్ళినా అదే, ఆగినా అదే అయినప్పుడు, వెళ్ళాలా ఆగాలా అన్నది మాత్రం ఆ మాట చెప్పదు. మళ్ళీ మన బుర్రతో మనమే తేల్చుకోవాలి. విధి ఉందో లేదో నేను తేల్చలేను, పెద్దపెద్దవాళ్ళే తేల్చలేదు. ఉందనే అనుకుందాం. ఉన్నా సరే, రేపు పొద్దున ఏం చెయ్యాలన్న ప్రశ్నకి అది జవాబు కాదు. అంతవరకు నాకు గట్టిగా తెలిసింది.

మర్నాడు పిన్నిగారు పరీక్షిత్తు మహారాజు కథ తీసుకొచ్చారు. "ఏడు రోజుల్లో పాము కరుస్తుందని శాపం. ఒంటిస్తంభం మేడ కట్టించుకున్నాడు, చుట్టూ వైద్యుల్ని, మంత్రం వేసేవాళ్ళని పెట్టుకున్నాడు. తప్పిందా?" అన్నారు. ఎక్కడ ఈ మాట వచ్చినా మనవాళ్ళు చెప్పే కథే. అయితే భారతం ఆదిపర్వంలో ఆ కథకి ఇంకో సగం ఉంది. ఆ సగం ఎవరూ చెప్పరు.

ఏడో రోజున కాశ్యపుడనే ఆయన హస్తినాపురం దారి పట్టాడు. విషం దించే విద్య ఆయన దగ్గరుంది. రాజుని బతికిస్తే నాలుగు డబ్బులు వస్తాయని బయలుదేరాడు. దారిలో, రాజుని కరవబోయే ఆ పాము తక్షకుడు బ్రాహ్మడి వేషంలో ఎదురయ్యాడు. "నా విషం ముందు నీ విద్య ఎంత?" అని ఓ మర్రిచెట్టుని కాటేశాడు. చెట్టు బూడిదయిపోయింది. కాశ్యపుడు ఆ బూడిదలోంచి మొలక తీశాడు, రెండాకులు వేయించాడు, కొమ్మలు, ఊడలు, మొత్తం చెట్టు నిలబెట్టాడు. తక్షకుడు అది చూసి బెదిరిపోయి, "రాజు ఇచ్చేదానికంటే ఎక్కువ నేనిస్తాను, వెనక్కి వెళ్ళిపో" అన్నాడు. కాశ్యపుడు ఆ ధనం పుచ్చుకుని వెనక్కి తిరిగాడు. వైద్యం ఉంది వదినా, దారిలోనే ఉంది. ఊరు చేరకుండా డబ్బు అడ్డుపడింది.

పిన్నిగారికి చదువు లేకపోయినా పురాణం గట్టిగా తెలుసు. "రాజుకి ఆయుష్షు తీరిందని దివ్యదృష్టితో చూసుకునే వెనక్కి తిరిగాడమ్మా" అన్నారు. నిజమే, అదీ కథలో ఉంది. ఆయుష్షు తీరడం, డబ్బు చేతులు మారడం, రెండూ ఒకే చోట పెట్టాడు వ్యాసుడు. ఇంకొకటి కూడా పెట్టాడు. ఏడో రోజు పొద్దు వాలుతుంటే పరీక్షిత్తు పండు చేతిలోకి తీసుకుని, అందులో ఓ చిన్న పురుగు కనపడితే, ఇంక భయం లేదన్న ధీమాతో, ఇదే తక్షకుడై కరవనీ అంటూ తన చేత్తో తనే మెడ మీద పెట్టుకున్నాడు. ఏడు రోజుల కాపలా ఆ ఒక్క నిమిషంలో పోయింది. ఇందులో శాపం పాలెంత, రాజు చెయ్యి పాలెంత అని విడదీసి చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

నా మనసుకి పట్టిన ఘట్టం తర్వాత వస్తుంది. ఆ మర్రిచెట్టు మీద ఎండుపుల్లల కోసం ఎక్కిన మనిషి ఒకడున్నాడు. చెట్టుతో పాటు బూడిదై, చెట్టుతో పాటే మళ్ళీ బతికాడు. వాడు ఊళ్ళోకి వచ్చి చూసిందంతా చెప్పాడు. మంత్రులు ఆ సంగతి పరీక్షిత్తు కొడుకు జనమేజయుడికి చెప్పారు. అప్పుడా కొడుకు "మా నాన్న రాత అంత" అనలేదు. కాశ్యపుణ్ణి రానిచ్చి ఉంటే మా నాన్న బతికేవాడు కదా, వచ్చే వైద్యుణ్ణి వెనక్కి పంపడం ఎందుకు అని మండిపడ్డాడు. సర్పయాగం మొదలైంది ఆ కోపంలోంచే. యాగం మంచిదని నేననను, తప్పు చెయ్యని పాములు కూడా అందులో పడ్డాయి. కానీ అడగవలసిన ప్రశ్న మాత్రం అదే. పరీక్షిత్తు కథని విధికి సాక్ష్యంగా చెప్పేవాళ్ళు, కన్నకొడుకు వేసిన ఆ ప్రశ్న కూడా చెప్పాలి.

ఇంతవరకు వాదన బాగానే సాగింది. ఆ తర్వాత పిన్నిగారు మాట్లాడింది వాదన కాదు. అది విన్నాక నేను అంతవరకు మాట్లాడిందాంట్లో సగం అనవసరం అనిపించింది.

ఆవిడది దివిసీమ, నీకు తెలుసుగా. నాగాయలంక అవతల, సముద్రపు గాలి తగిలే ఊరు. 1977 నవంబరు 19, శనివారం. ఆవిడకి అప్పుడు పన్నెండేళ్ళు. గాలీవానా వాళ్ళకి కొత్త కాదు, సముద్రమే లేచి ఊళ్ళోకి వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. 5 మీటర్ల పైచిలుకు ఎత్తున నీళ్ళు. తాటిచెట్టు పట్టుకున్నవాళ్ళు, తుమ్మకొమ్మల్లో చిక్కుకున్నవాళ్ళు బతికారు. 10 వేలమంది పోయారని ప్రభుత్వ లెక్క, ఆ వైపువాళ్ళు ఇంకా ఎక్కువే అంటారు. పిన్నిగారి అమ్మ ఓ చేత్తో ఈవిణ్ణి, ఇంకో చేత్తో చిన్నపిల్లాణ్ణి పట్టుకుందట. తెల్లారేసరికి ఒక చెయ్యే నిండుగా ఉంది.

"మా అమ్మ తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది. ఆ చెయ్యి చూసుకుంటూ బతికింది" అన్నారు పిన్నిగారు. "వచ్చినవాళ్ళందరూ 'వాడి రాత అంతవరకేనమ్మా, నీ తప్పు కాదు' అన్నారు. ఆ మాట లేకపోతే మా అమ్మ ఆ నెలలోనే నూతిలో పడి ఉండేది. అలాంటి మాటని నన్ను వదిలెయ్యమంటావా?"

నేనేం చెప్పను వదినా? ఆ తల్లి దగ్గరికి వెళ్ళి మన చేతుల్లోనే అంతా ఉంది, గట్టిగా పట్టుకోవలసింది అని ఎవరైనా అనగలరా? "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ సామెత అక్కడ అంటే నాలుక తెగ్గొయ్యాలి. జరిగిపోయినదాని ముందు, ఇక చెయ్యడానికి ఏమీ మిగలని చోట, రాత అన్న మాట మనిషి నెత్తిన ఉన్న మొయ్యలేని బరువుని దించుతుంది. మనవాళ్ళు ఆ మాటని ఇన్ని వందల ఏళ్ళు దాచుకున్నది అందుకే. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్ళు ఇంట్లో పిల్లాణ్ణి పోగొట్టుకున్న ఆడదాన్ని ఎప్పుడూ ఓదార్చి ఉండరు.

కాసేపాగి, "మరి 1990లో ఎక్కడున్నారు పిన్నిగారూ?" అని అడిగాను.

నీకు గుర్తుండే ఉంటుంది ఆ మే 9. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైన రోజు, రాష్ట్రమంతా వానలు. ఆ తుపాను ఇంచుమించు 77నాటిదంత బలమైనదే, కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఆ వైపే తీరం దాటింది. పిన్నిగారు అప్పటికి పెళ్ళయి పక్క ఊళ్ళోనే ఉన్నారు. చంకలో పిల్లాడు. "ముందురోజే లారీలొచ్చాయి" అన్నారు. "మైకులో అరిచారు, ఇల్లిల్లూ తిరిగారు. మా మామగారు రానంటే పోలీసులు ఎత్తి ఎక్కించారు. మా అమ్మయితే లారీ ఆగీ ఆగకముందే ఎక్కేసింది, బియ్యం మూట కూడా తీసుకోలేదు. బడి మేడ మీద రెండు రాత్రులున్నాం. తిరిగొస్తే ఇల్లు లేదు. మనుషులం అందరం ఉన్నాం."

ఆ మాట అన్నాక ఆవిడే ఆగారు. "77లో మా ఊరికి లారీ రాలేదు" అన్నారు మెల్లిగా.

చూశావా వదినా? ఉప్పెన వెళ్ళాక ఆ పదమూడేళ్ళలో సముద్రం మారలేదు, గాలి మారలేదు, ఊళ్ళు అక్కడే ఉన్నాయి. మారిందల్లా మనుషులు చేసిన పని. తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు. బందరులో తుపాను కనిపెట్టే రాడార్ పెట్టారు. ఆకాశంలో ఇన్సాట్ ఉపగ్రహం తిరుగుతోంది. లక్షమందికి పైగా జనాన్ని ముందే తీరం నుంచి కదిలించారు. 77లో 10 వేలు పోయిన చోట 90లో పోయినవాళ్ళు వెయ్యిలోపు. ఆ వెయ్యి కూడా తక్కువేం కాదు, ఒక్కొక్కళ్ళూ ఒక్కొక్క ఇంటి మనిషి. ఒడిశాలో అయితే 1999 తుపానులో దాదాపు 10 వేలమంది పోయారు. అదే ఒడిశా 2019 మేలో ఫణి తుపాను వస్తుంటే 12 లక్షలమందిని తరలించింది. పోయినవాళ్ళు వందలోపే. ఇన్ని వేలమంది నుదుళ్ళ మీద రాతలు ఒక్కసారిగా ఎవరు మార్చారు? వాతావరణ కేంద్రంలో నిద్ర మానుకుని కూర్చున్నవాడు, మైకు పట్టుకుని అరిచినవాడు, లారీ తోలినవాడు, బియ్యం మూట కూడా వదిలి ఎక్కిన ముసలమ్మ. ఆవిడకి రాత మీద నమ్మకం పోలేదు, కానీ లారీ వస్తే ఎక్కాలని ఆవిడకంటే బాగా ఎవరికీ తెలియదు.

అందుకే నాకు ఒకటి తేలింది వదినా. రాత అన్న మాట జరిగిపోయినదానికి అనాలి. జరగబోయేదానికి అనకూడదు. తుపాను వెళ్ళిపోయాక అంటే ఓదార్పు, రాకముందు అంటే లారీని వెనక్కి పంపడం. ఆ మాట అనబోయే ముందు జనమేజయుడి ప్రశ్న ఒకసారి వేసుకోవాలి: వైద్యుడు దారిలో ఉన్నాడా, ఎవరైనా వెనక్కి తిప్పుతున్నారా? బీదవాళ్ళింట్లో ఆడపిల్ల బడి మానేస్తే దాని రాత అంటాం. ఊళ్ళో హైస్కూలు లేదని, బస్సు రాదని, తండ్రి సంబంధం చూసేశాడని అనం. అలా ఎవరో చేసిన పనో, చెయ్యని పనో కప్పిపుచ్చడానికి బ్రహ్మదేవుణ్ణి వాడుకుంటున్నాం.

ఆ బ్రహ్మదేవుడు ఏమన్నాడో తెలుసా? భారతంలోనే, అనుశాసన పర్వంలో ఉంది. యుద్ధం అయిపోయింది, అందరూ పోయారు, ధర్మరాజు అంపశయ్య దగ్గర కూర్చుని భీష్ముణ్ణి అడుగుతాడు, దైవం గొప్పదా, మనిషి ప్రయత్నం గొప్పదా అని. భీష్ముడు తన మాట చెప్పకుండా, పూర్వం వసిష్ఠుడు ఇదే అడిగితే బ్రహ్మ చెప్పిన జవాబు చెబుతాడు. దైవం విత్తనమట, మనిషి ప్రయత్నం పొలమట. రెండూ కలిస్తేనే పంట. దున్నని నేలలో ఎంత మంచి విత్తనం చల్లినా దండగే. నుదుట రాతలన్నీ ఎవరి మీద తోస్తామో ఆయనే చెప్పిన మాట ఇది. మన కృష్ణా జిల్లావాళ్ళకి వేరే వివరించక్కర్లేదు. మంచి విత్తనం దొరకడం మన చేతిలో లేకపోవచ్చు, ఏ నేల మీద పుట్టామో కూడా మన చేతిలో లేదు. కాలవలో నీళ్ళొచ్చిన రోజున నాగలి కట్టడం మాత్రం మన పనే.

పిన్నిగారికి ఇది చెప్పాను. ఆవిడ ఆ కాగితాన్ని చింపలేదు, పారెయ్యలేదు. మడిచి మళ్ళీ కొంగున కట్టుకున్నారు. నిన్న పొద్దున మాత్రం కొడుకుతో అంటుంటే విన్నాను, "డాక్టరమ్మ ఎప్పుడంటే అప్పుడే కానీరా. ఏ టైముకి పుడితే ఆ టైముకే జాతకం రాయిస్తాను" అని. ఆ కొడుకెవరనుకున్నావు? 90లో ఆవిడ చంకలో లారీ ఎక్కిన పిల్లాడే. జాతకం రాయించుకోనీ వదినా, మనమెందుకు వద్దనడం? బిడ్డ నెలలు నిండి పుడుతుంది, నాకు కావలసింది అదే.

ఇప్పుడు నిన్ను పిలిచిన అసలు సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకు. మొన్న రిజల్ట్స్ వచ్చిన రోజు మీవాడు లెక్కలు పోయాయని ఏడుస్తూ కూర్చుంటే, నువ్వు అన్నయ్యగారితో "వాడి రాత అంతేలెండి, వాడికి చదువు రాసిపెట్టి లేదు" అన్నావు. గోడ ఇవతలికి నాకే వినిపించింది, వాడికి వినిపించకుండా ఉంటుందా? పోయిన పరీక్ష గురించి ఆ మాట అను, తప్పులేదు. పేపరు కష్టంగా వచ్చింది, ఆ వారం వాడికి జ్వరం, అదంతా అయిపోయింది, దాన్ని తవ్వి వాణ్ణి తిట్టకు. కానీ చదువు రాసిపెట్టి లేదన్నది పోయిన పరీక్ష గురించి కాదు కదా. వాడి ముందున్న అన్ని పరీక్షల గురించీ అన్నావు. పదిహేడేళ్ళ పిల్లాడు అమ్మ నోట ఆ మాట వింటే పుస్తకం ఎందుకు తెరుస్తాడు?

సప్లిమెంటరీ ఉంది. ఫీజు కట్టే గడువు ఇంకా దాటలేదు, ఇవాళే కాలేజీకి పంపించి కట్టించెయ్. మా ఆయన రిటైరయ్యాక లెక్కలు చెప్పడానికి ఎవరూ దొరక్క ఊరికే కూర్చుంటున్నారు, రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పుస్తకాలు పట్టుకుని రమ్మను. ప్యాసవుతాడని నేను మాటివ్వలేను, అది ఎవరూ ఇవ్వలేరు. పరీక్ష రాసి, మళ్ళీ రిజల్ట్స్ వచ్చి, అప్పుడూ పోతే, అప్పుడు మనిద్దరం ఇక్కడే నిలబడి వాడి రాత అనుకుందాం, మర్నాడు ఇంకో దారి వెతుకుదాం. ఈ లోపల మాత్రం ఆ మాట నీ నోట రానివ్వకు. వెళ్ళు, వాడు లేచాడేమో చూడు, ఫీజు సంగతి ముందు తేల్చు.